ఒక్క లోడు, ఎన్ని శిక్షలు?

గంజాయి కేసులో తీర్పు వచ్చిన రోజు కోర్టు వరండాలో అందరూ అడిగేది ఒక్కటే: "ఎన్నేళ్లు పడింది?" మర్నాడు పేపరు జిల్లా పేజీలో వచ్చేదీ అంతే. పదేళ్ల కఠిన కారాగారం, లక్ష జరిమానా. అసలు లెక్క తీర్పు చివరి పేజీలో నాలుగైదు వరసల్లో ఉంటుంది. ఆ వరసలు సరిగా చదవకపోతే పదేళ్లనుకున్నది ఎక్కడిదాకా పోతుందో జైలుకు వెళ్లాకే తెలుస్తుంది.

ఊహించిన కేసు ఒకటి తీసుకుందాం. పాడేరు వైపు నుంచి జాతీయ రహదారి 16 మీద వచ్చిన కారును కాజ టోల్‌గేటు దగ్గర ఆపారు. డిక్కీలో బ్రౌన్ టేపు చుట్టిన రెండేసి కిలోల ప్యాకెట్లు 21. మొత్తం 42 కిలోలు. గంజాయిలో కిలో వరకు స్మాల్ క్వాంటిటీ, 20 కిలోలు దాటితే కమర్షియల్. కాబట్టి మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 20(బి) కింద కనీసం 10 ఏళ్లు, గరిష్ఠం 20 ఏళ్లు, జరిమానా లక్ష నుంచి 2 లక్షలు. కారు నడిపినవాడి మీద చార్జిషీటులో సెక్షన్ 20తో పాటు 25 (వాహనాన్ని నేరానికి వాడుకోనివ్వడం), 29 (కుట్ర) కూడా పెట్టారు. మూడూ రుజువయ్యాయి. జడ్జి మూడింటికీ విడివిడిగా పదేళ్లు, లక్ష జరిమానా, కట్టకపోతే ఏడాది అన్నారు.

ఇప్పుడు "శిక్షలు ఏకకాలంలో అమలు" అన్న ముక్క ఉంటే జైలు పదేళ్లు. జరిమానా మాత్రం తగ్గదు, మొత్తం 3 లక్షలు. అది కట్టలేకపోతే ఆ పదేళ్ల మీద మరో మూడేళ్లు. ఆ ముక్క లేకపోతే? క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే పాత సీఆర్‌పీసీలో శిక్షలు ఒకదాని వెనక ఒకటి నడవడమే మామూలు పద్ధతి. దాని స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత 25(1) మాత్రం నేరాల తీవ్రత చూసి ఏకకాలమో వరసో జడ్జే చెప్పాలంటుంది. వరసగా నడిస్తే కాగితం మీద 30, జరిమానా మూడేళ్లతో 33. ఒకే విచారణలో వరసగా పడిన శిక్షల మొత్తానికి పాత సీఆర్‌పీసీలో 14 ఏళ్లు, కొత్త నాగరిక సురక్షా సంహిత 25(2)లో 20 ఏళ్లు హద్దు ఉంది. అయితే సెషన్స్ కోర్టు విషయంలో ఆ హద్దు ఎంతవరకు పనిచేస్తుందన్న దాని మీద తీర్పులు ఒకే దారిలో లేవు. దాన్ని నమ్ముకుని ఊరుకోవడం తెలివైన పని కాదు.

మామూలు కేసుల్లో అయితే జైల్లో రెమిషన్ వచ్చి పడిన శిక్ష కొంత కరుగుతుంది. ఇక్కడ కరగదు. ఎన్‌డీపీఎస్ 32ఎ దాన్ని మూసేసింది. 2000లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌లో అప్పీలు కోర్టు శిక్షను నిలిపివేయకుండా అడ్డుకునే భాగాన్ని మాత్రమే కొట్టేసింది. రెమిషన్ లేదన్న భాగం అలాగే ఉంది. అంటే ఈ చట్టం కింద పదేళ్లంటే క్యాలెండరు పదేళ్లు. శిక్షలు కలవాలా, విడిగా నడవాలా అన్నది ఇక్కడ అంత బరువైన ప్రశ్న కావడానికి కారణం ఇదే.

నా వాదన సూటిగా చెబుతాను. సరుకు ఒక్కటే అయితే శిక్ష ఒక్కటే ఉండాలి. సెక్షన్లు ఎన్ని పెట్టారు, ఎఫ్ఐఆర్‌లు ఎన్ని కట్టారు అన్నది లెక్కలోకి రాకూడదు. సరుకు వేరు, ప్రయాణం వేరు అయితే శిక్షా వేరుగానే నడవాలి. అక్కడ జాలి అడగడం నాకూ సబబనిపించదు. ఇంకో మాట: "ఏకకాలం" అన్నా "విలీనం" అన్నా ఒకటే అనుకోవడం మన కోర్టు హాళ్లలో బాగా పాతుకుపోయిన పొరపాటు. రెండూ ఒకటి కావు.

ఏకకాలంలో నడిస్తే రోజులు మాత్రమే ఒకదాని మీద ఒకటి పడతాయి. జరిమానాలు కలవవు. జరిమానా కట్టనందుకు పడే జైలు అసలు శిక్షతో కలిసి నడవదు, ఇంకో జరిమానా జైలుతోనూ కలవదు. 2018లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. కలిపి నడిపిస్తే ఎగ్గొట్టినవాడికే లాభం అన్నది అందులోని తర్కం. అదే విలీనమైతే మూడు సెక్షన్లకూ కలిపి ఒకే శిక్ష, ఒకే జరిమానా. మన కారు కేసులో లక్ష కట్టాలి, కట్టకపోతే పదకొండేళ్లు. ఏకకాలమైతే 3 లక్షలు కట్టాలి, కట్టకపోతే పదమూడేళ్లు. కూలికి ఒప్పుకుని కారు ఎక్కిన డ్రైవరు ఇంట్లో 3 లక్షలు ఎక్కడినుంచి వస్తాయి? తేడా కాగితం మీద రెండేళ్లే. రెమిషన్ లేని చోట ఆ రెండేళ్లూ నిఖార్సైన రెండేళ్లు.

విలీనం అడగడానికి చట్టంలో ఆధారం ఉంది. పాత ఐపీసీ 71, ఇప్పటి న్యాయ సంహిత సెక్షన్ 9. అందులో చట్టమే ఇచ్చిన ఉదాహరణ చాలా ముచ్చటగా ఉంటుంది. ఒకడు ఇంకొకణ్ని కర్రతో 50 దెబ్బలు కొట్టాడు. దెబ్బకో నేరమని లెక్కేస్తే, దెబ్బకు ఏడాది చొప్పున 50 ఏళ్లు జైల్లో కూర్చోవాలి. అలా కాదు, మొత్తం కొట్టడానికి ఒకటే శిక్ష అంటుంది చట్టం. మధ్యలో అడ్డొచ్చిన మూడోవాణ్ని కూడా కావాలని కొడితే మాత్రం ఆ దెబ్బకు వేరే శిక్ష. ఈ సెక్షన్ ఐపీసీ నేరాలకే పరిమితం కాదు. "నేరం" అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే, ఈ సెక్షన్ వరకు ప్రత్యేక చట్టాల నేరాలు కూడా వస్తాయని రాసి ఉంది. సురక్షా సంహిత 25(1) కూడా సెక్షన్ 9కి లోబడే మొదలవుతుంది. అంటే ముందు అడగాల్సింది అసలు ఎన్ని శిక్షలు వేయవచ్చని. అవి ఎలా నడవాలన్నది ఆ తర్వాతి మాట.

గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. రైతు ఒక లారీలో తెచ్చిన టిక్కీలను (మిర్చి బస్తాలను) ఒక్కొక్కటిగా తూచినా లాటు ఒకటే. టిక్కీల సంఖ్యను బట్టి లాట్ల సంఖ్య పెరగదు.

సెక్షన్ 25 సంగతి కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే తప్పు ఎక్కువగా జరిగేది అక్కడే. ఇల్లో, వాహనమో తన చేతిలో ఉన్నవాడు, తెలిసి తెలిసి, "ఇంకొకరు" నేరం చేయడానికి దాన్ని వాడుకోనిస్తే వచ్చే నేరం అది. తన కారులో తనే సరుకు తోలుతున్నవాడి మీద సెక్షన్ 20 ఎలాగూ ఉంది. ఆ పనికే 25 కింద మళ్లీ పదేళ్లు వేస్తే ఒకే దెబ్బను రెండుసార్లు లెక్కపెట్టినట్టే. 25 సరిగా అతికేది కారు అద్దెకిచ్చి ఇంట్లో కూర్చున్న ఓనరుకు, అదీ అతనికి విషయం తెలుసని రుజువైతే. చార్జిషీటులో ఎవరెవరికి ఏ సెక్షన్ అని విడదీయకుండా ఏ1 నుంచి ఏ5 దాకా అందరికీ ఒకే సెక్షన్ల మూట కట్టేయడం మామూలైపోయింది. దీన్ని చార్జీలు ఖరారయ్యే రోజే పట్టుకోవాలి. శిక్ష వేసే రోజున గుర్తొస్తే సగం ఆలస్యమైనట్టే.

సెక్షన్ 29, కుట్ర, అంత తేలిక కాదు. కుట్ర తనంతట తాను వేరే నేరమే. నేనైతే ఒక చిన్న పరీక్ష పెడతాను: ఆ లోడును పక్కన పెడితే కుట్రకు ఇంకేమైనా రుజువు మిగులుతుందా? ఇద్దరు కలిసి ఒక కారులో వచ్చారన్నదే కుట్రకు రుజువైతే, అది సెక్షన్ 20లో కలిసిపోవాలి. ఫోన్ రికార్డులు, యూపీఐ చెల్లింపులు, ముందు జరిగిన నాలుగు ట్రిప్పులు రుజువైతే కుట్ర ఆ లోడు కంటే పెద్దది. అప్పుడు దానికి వేరే శిక్ష వేయడంలో అన్యాయం లేదు. కేవలం ముద్దాయి ఒప్పుకోలు మీద ఆ గొలుసు కట్టడం కుదరదు. సెక్షన్ 67 కింద అధికారులకిచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 2020లో తోఫాన్ సింగ్ తీర్పు తేల్చింది.

ఇక ఎఫ్ఐఆర్‌లు రెండైన సంగతి. వ్యాను పొట్టిపాడు టోల్‌గేటు దగ్గర దొరికింది, 60 కిలోలు. అదే లోడులోంచి పొద్దున్నే దించిన 22 కిలోలు భవానీపురంలో ఒక గదిలో దొరికాయి. స్టేషన్లు వేరు, క్రైమ్ నంబర్లు రెండు, చార్జిషీట్లు రెండు, తీర్పులు రెండు. పదీ పదీ ఇరవై. మనిషి చేసింది మాత్రం ఏజెన్సీ నుంచి 82 కిలోలు ఒక ట్రిప్పులో తేవడం.

దీన్ని ఒకే లావాదేవీ అనడానికి ఏం చూడాలి? 1963లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు కొలతలు ఇచ్చింది: కాలం దగ్గరగా ఉందా, చోటు ఒకటేనా, ఉద్దేశం ఒకటేనా, పని తెగకుండా సాగిందా. నాలుగూ ఉండి తీరాలని లేదు. ఉద్దేశం, కొనసాగింపు ముఖ్యం. చోటు వేరైనంత మాత్రాన లావాదేవీ తెగిపోదు. 1988లో ఒక బంగారం స్మగ్లింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే మాటను శిక్షల విషయంలో చెప్పింది. ఒకే లావాదేవీలోంచి రెండు చట్టాల కింద రెండు నేరాలు పుడితే వరస శిక్షలు సాధారణంగా తప్పు. వాస్తవాలు వేరైతే ఆ సూత్రం వర్తించదు. ఆ కేసులో వేరనే తేల్చి వరస శిక్షలనే నిలిపింది.

కాబట్టి పని వాస్తవాల దగ్గర మొదలవ్వాలి. పట్టివేత చోట రాసిన మధ్యవర్తుల నివేదికలు రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. ప్యాకింగు ఒకటేనా, టేపు రంగు, ప్యాకెట్టు బరువు, గోనె మీద గుర్తు, రెండు పట్టివేతల మధ్య గంటలు, రెండో చోటు తెలిసింది మొదటి ముద్దాయి చెప్పిన మాట వల్లనేనా. ఫోరెన్సిక్ నివేదిక దీనికి పెద్దగా సాయపడదు. అది గంజాయి అని చెబుతుంది, ఏ కొండ మీదిదో చెప్పదు. ఇవన్నీ కలిస్తే రెండో ఎఫ్ఐఆర్ నిలవకూడదన్న వాదనకు 2001 నాటి టి.టి. ఆంటోనీ తీర్పు ఉంది. ఒకే ఘటనకు రెండో ఎఫ్ఐఆర్ కుదరదు, దొరికిన కొత్త సంగతి మొదటి కేసులోనే తదుపరి దర్యాప్తుగా పోవాలి. సురక్షా సంహిత 528 కింద అమరావతిలోని హైకోర్టుకు వెళ్లాల్సింది అప్పుడే, సాక్షుల విచారణ మొదలవక ముందే. రెండో ఎఫ్ఐఆర్ నిలిచినా 243 కింద ఉమ్మడి విచారణ అడగొచ్చు. కోర్టులు వేరైతే 447 కింద బదిలీ అడగొచ్చు. ఒకే లావాదేవీ కాకపోయినా, ఏడాదిలోపు జరిగిన ఒకే రకం నేరాలు ఐదింటిని కలిపి విచారించే వీలు 242లో ఉంది. పాత కోడ్‌లో అది మూడే.

ఉమ్మడి విచారణ మీద ఎందుకింత పట్టు అంటే, తేదీలు చూడండి. మొదటి కేసులో 2021 జనవరిలో అరెస్టు, 2023 జనవరిలో పదేళ్లు. రిమాండు రెండేళ్లు సెట్‌ఆఫ్ (తీర్పుకు ముందు జైల్లో గడిపిన కాలాన్ని శిక్షలోంచి తీసేయడం) పోగా 2031 జనవరిలో విడుదల. రెండో కేసులో పీటీ వారెంటు (వేరే కేసులో జైల్లో ఉన్నవాణ్ని ఈ కేసు కోర్టుకు రప్పించే ఉత్తర్వు) మీద కోర్టుకు తెచ్చింది 2022 మార్చిలో, తీర్పు 2026 జనవరిలో, మళ్లీ పదేళ్లు. రెండో కేసుకు సెట్‌ఆఫ్ దొరికేది పీటీ వారెంటు నుంచి మొదటి తీర్పు దాకా పది నెలలే. పీటీ వారెంటు ముందు కాలం ఆ కేసులో నిర్బంధం కిందికి రాదు. 2023 తర్వాత గడిపింది శిక్ష ఖైదీగా, అది సెట్‌ఆఫ్‌లోకి రాదు. వరస శిక్షలైతే బయటికి వచ్చేది 2040 మార్చి. "ఏకకాలం" ఇచ్చినా 2035 మార్చి, ఎందుకంటే రెండో శిక్ష రెండో తీర్పు రోజు నుంచే మొదలవుతుంది, వెనక్కి వెళ్లదు. రెండూ కలిపి 2023లోనే తేల్చి ఏకకాలం అని ఉంటే 2031. జడ్జి కనికరించి ఏకకాలం ఇచ్చినా నాలుగేళ్లు పోయాయి. పోయింది తీర్పు వల్ల కాదు, పీటీ వారెంటు ఆలస్యం వల్ల, విడి విచారణ వల్ల. రిమాండు ఖైదీ మీద వేరే స్టేషన్లో క్రైమ్ నంబరు ఉందని తెలిసిన వారంలో పీటీ వారెంటు అమలు చేయమని మెమో వేయడం లాయరు చేయగల అతి చవకైన సాయం.

కలపకూడని చోటు కూడా ఒప్పుకోవాలి. జనవరిలో కీసర టోల్‌గేటు దగ్గర 30 కిలోలతో దొరికి, బెయిలు మీద వచ్చి, అక్టోబరులో విజయవాడ రైల్వే స్టేషన్లో మళ్లీ 25 కిలోల సూట్‌కేసులతో దొరికినవాడికి "ఏకకాలం" ఇస్తే రెండో నేరం ఉచితంగా చేసినట్టు. 2021 డిసెంబరులో జస్టిస్ ఎం.ఆర్. షా, జస్టిస్ బి.వి. నాగరత్నల ధర్మాసనం సరిగ్గా ఇలాంటి కేసే చూసింది. ఒకతనికి అమృత్‌సర్‌లో 4 కిలోల హెరాయిన్ కేసులో 12 ఏళ్లు, ఢిల్లీలో 750 గ్రాముల కేసులో 15 ఏళ్లు. కలిపి నడపమంటే కుదరదన్నారు, మాదకద్రవ్యాల వాళ్ల మీద ఈ విచక్షణ ఉదారంగా వాడొద్దన్నారు. ఫలితంతో నాకు పేచీ లేదు. ఆ తీర్పును ఎన్‌డీపీఎస్ అన్న మాట కనబడగానే చదివి "వరసగానే" అనేయడంతోనే పేచీ. అక్కడ లావాదేవీలు రెండు. ఒక్క లోడు కేసులో పీపీ (ప్రభుత్వ లాయరు) దాన్ని చూపిస్తే ముందు ఈ తేడా చెప్పాలి. 2022లో ఇదే సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్‌లో కరెంటు సామాన్ల దొంగతనానికి తొమ్మిది కేసుల్లో రెండేసి ఏళ్లు వరసగా పడి 18 అయిన మనిషికి శిక్షలు ఏకకాలం చేసింది.

కలపడం రెండు వైపులా పదునున్న కత్తి అని కూడా గుర్తుండాలి. బస్సులో నలుగురు, ఒక్కొక్కరి సంచిలో ఆరు కిలోలు. విడిగా చూస్తే ఎవరిదీ కమర్షియల్ కాదు, గరిష్ఠం పదేళ్లు, కనీస శిక్ష లేదు, బెయిలుకు సెక్షన్ 37 అడ్డు లేదు. కలిపితే 24 కిలోలు, నలుగురికీ కనీసం పదేళ్లు. "అంతా ఒకే లావాదేవీ" అని శిక్ష దగ్గర వాదించబోయే లాయరు, విచారణలో "ఎవరి సంచి వాళ్లది" అని వాదించి ఉంటే ఇరుక్కుంటాడు. కుట్రకు సాక్ష్యం లేనప్పుడు ఇద్దరి దగ్గర దొరికిన సరుకు బరువులు కలపరాదని 2005లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏ వాదన ఎంచుకోవాలో మొదటి రోజే తేల్చుకోవాలి. రెండూ ఒకే నోటితో చెప్పలేం.

అమెరికాలో ఈ చర్చకు పునాది వేసింది కూడా ఒక మత్తుమందు కేసే కావడం విచిత్రం. 1932 బ్లాక్‌బర్గర్ కేసు. ఒకే కొనుగోలుదారుకు ఒక రోజు పది గ్రెయిన్లు, మర్నాడు ఎనిమిది గ్రెయిన్ల మార్ఫిన్ అమ్మాడు. రెండో అమ్మకానికి స్టాంపు ప్యాకెట్టు లేకపోవడం ఒక నేరం, రాతపూర్వక ఆర్డరు లేకపోవడం ఇంకో నేరం. మూడు నేరాలు, అయిదేసి ఏళ్లు, వరసగా. రెండు సెక్షన్లలో ప్రతిదానికీ రెండోదానికి అక్కర్లేని అంశం ఒకటి రుజువు కావాల్సి ఉంటే అవి వేరు నేరాలే అంది అమెరికా సుప్రీంకోర్టు. ఈ కొలత కాగితం మీద చక్కగా ఉంటుంది. చట్టం రాసేవాళ్లు ఎన్ని సెక్షన్లు రాస్తే అన్ని శిక్షలు పుట్టిస్తుంది. మన 50 కర్ర దెబ్బల కొలతే నాకు నచ్చుతుంది. అది మనిషి చేసిన పనిని చూస్తుంది.

ఎన్‌డీపీఎస్ సెక్షన్ 31 గురించి ఒక్క మాట. ముందే శిక్ష పడినవాడికి మళ్లీ శిక్ష పడితే ఒకటిన్నర రెట్లు, అంటే కమర్షియల్‌కు కనీసం 15, గరిష్ఠం 30. ఒక్క లోడు రెండు కేసులైతే, మొదటి తీర్పు రెండోదానికి "పాత శిక్ష" అయి కూర్చునే ప్రమాదం ఉంది. శిక్ష పడ్డాక కూడా మానకుండా చేసినవాడి కోసం పెట్టిన సెక్షన్ అది, తేదీలు చూడకుండా తగిలించేది కాదని గట్టిగా వాదించాలి. పాత శిక్షను చార్జీలోనే రాయాలన్న సురక్షా సంహిత 234(7) నియమం పాటించారో లేదో కూడా చూడాలి.

శిక్ష మీద వాదన వినే రోజు, అంటే సురక్షా సంహిత 258(2) రోజు, "ముద్దాయి పేదవాడు, ఇంట్లో ముసలి తల్లి" అని రెండు ముక్కలు చెప్పి కూర్చోవడం మన దగ్గర అలవాటు. ఆ రోజు రాతపూర్వకంగా మెమో ఉండాలి. దానికి పాత కేసు తీర్పు సర్టిఫైడ్ కాపీ, జైలు నుంచి తెచ్చిన నిర్బంధ కాలం సర్టిఫికెట్, రెండు కేసుల్లో అరెస్టు, పీటీ వారెంటు, తీర్పు తేదీల పట్టిక జతచేయాలి. అడిగే క్రమం ఇది: మొదట న్యాయ సంహిత సెక్షన్ 9 కింద 20, 25, 29 మూడింటికీ ఒకే శిక్ష. కాదంటే సురక్షా సంహిత 25(1) కింద ఏకకాలం. వేరే కేసు శిక్ష అనుభవిస్తుంటే 467(1) కింద దానితో ఏకకాలం, ఆ కేసు నంబరు, కోర్టు పేరు రాసి మరీ. జరిమానా జైలును ఆరు నెలలకు మించనివ్వొద్దని విడిగా అడగాలి. 2007లో సుప్రీంకోర్టు ఒక నల్లమందు కేసులో లక్ష జరిమానాకు వేసిన మూడేళ్లను ఆరు నెలలకు తగ్గించింది. 2024 జులై 1 ముందు నేరమైతే ఐపీసీ 71, ఆ తేదీకే దర్యాప్తులోనో విచారణలోనో ఉన్న కేసైతే పాత కోడ్ 31, 427 సెక్షన్లు రాయాలి.

"తర్వాత హైకోర్టులో చూసుకుందాం" అనుకోవద్దు. ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక పాత కేసులో, ట్రయల్ కోర్టులోగానీ అప్పీల్లోగానీ 427 అడగనివాడు అంతా ముగిశాక పాత కోడ్ 482 (ఇప్పటి 528) కింద విడి పిటిషన్ వేస్తే చెల్లదని సుప్రీంకోర్టు పంపేసింది. అప్పీలు మెమోలో ఒక గ్రౌండు అయినా రాసి ఉండాలి.

తీర్పు అయ్యాక ఇంకో అరగంట కోర్టు దగ్గరే ఉండి కన్విక్షన్ వారెంటు చదవాలి. తీర్పులో "ఏకకాలం" అని ఉండి, టైపు చేసే తొందరలో వారెంటులో ఆ ముక్క ఎగిరిపోతే రాజమహేంద్రవరం సెంట్రల్ జైల్లో విడుదల తేదీ వారెంటును బట్టే వేస్తారు. సెట్‌ఆఫ్ రోజులు ఒక్కో కేసుకు విడిగా, తేదీలతో, అంకెల్లో ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే ఆ సాయంత్రమే సవరణ మెమో వేయాలి, ముద్దాయిని ఎస్కార్ట్ వ్యాను ఎక్కించే లోపే.